ఎదురింటి పెద్దమ్మ అబద్ధం చెప్పదు

మూడేళ్ల తర్వాత రెండు నెలల సెలవు మీద చిత్తూరు వచ్చాం. అందులో ఐదు వారాలు ఒక్క కాగితం వెనకాల తిరగడానికే సరిపోయాయి. దాని పేరు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అంటే మన మీద పోలీసు కేసులేవీ లేవని ఇచ్చే కాగితం. అందరూ పీసీసీ అంటారు.

నేను నర్సుని, మా ఆయన ల్యాబ్ టెక్నీషియన్. ఉగాండాలో ఎంబరారా దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తున్నాం. వర్క్ పర్మిట్ పొడిగించడానికి ఇద్దరివీ కొత్త పీసీసీలు కావాలన్నారు. కంపాలాలో మన హైకమిషన్‌లోనూ పెట్టుకోవచ్చు, కానీ అది మాకు 270 కిలోమీటర్ల దూరం. ఎలాగూ ఇంటికి పోతున్నాం కదా, అక్కడే చేయించుకుందాం అన్నారు మా ఆయన. నేనూ సరేనన్నాను కాబట్టి ఇప్పుడు ఆయన్ని అనడానికి లేదు.

ఆన్‌లైన్‌లో తలా 500 రూపాయలు కట్టాం. స్లాట్ తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో దొరికింది. తెల్లారకముందే బస్సెక్కి, పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరుపతిలో దిగగానే ఆటో అతను "దర్శనం టోకెన్ ఉందా అన్నా?" అని అడిగాడు. టోకెన్ తీసుకోవాల్సిందే, కానీ కొండ మీదికి కాదని చెబితే నవ్వాడు. లోపల ఏ, బీ, సీ కౌంటర్లు. ఫొటో, వేలిముద్రలు, కాగితాల పరిశీలన అన్నీ గంటన్నరలో అయిపోయాయి. చివర్లో ఆఫీసరు "ఇక పోలీస్ ఎంక్వైరీ ఉంటుంది, ఇంట్లో ఉండండి" అన్నారు. ఆ మాట సరిగా చెవికెక్కించుకుని ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

కానిస్టేబుల్ వచ్చిన రోజు మేం మదనపల్లెలో ఆడపడుచు ఇంట్లో ఉన్నాం. అత్తమ్మ మార్కెట్‌కి పోయింది. ఇంటికి తాళం చూసి ఆయన ఎదురింటి పెద్దమ్మని అడిగాడట, ఫలానా వాళ్లు ఈ ఇంట్లోనే ఉంటారా అని.

"వాళ్లు ఈడ యాడుండారు నాయనా, ఆఫ్రికాలో కదా ఉండేది! పోయి మూడేండ్లాయె."

ఒక్క ముక్క అబద్ధం లేదు. వారం తిరక్కుండా రిపోర్ట్ వచ్చింది, ఇచ్చిన చిరునామాలో నివాసం లేరని. మా ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు మాత్రం టెన్షన్‌తో పాటు నవ్వూ వచ్చింది. మేం ఎక్కడ ఉంటున్నామో నాకే సరిగా తెలియదు, పాపం ఆ కానిస్టేబుల్‌కేం తెలుస్తుంది?

ఆ ఆదివారం చర్చిలో స్త్రీల మైత్రి కూటంలో అక్కడి సంగతులు చెప్పమన్నారు. మిషనరీ అంటే పొద్దస్తమానం చెట్టు కింద బైబిల్ పట్టుకుని నిలబడతామని అందరి ఊహ. నిజానికి నా రోజు నీళ్లు కాచి వడకట్టుకోవడంతో మొదలవుతుంది. తర్వాత కరెంటు ఉందా, టీకాల ఫ్రిజ్ చల్లగా ఉందా చూడాలి. ఆపైన జ్వరంతో వచ్చే పిల్లలకి వరసగా మలేరియా పరీక్షలు.

గంటల లెక్క కూడా వేరే. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు ఇంచుమించు ఏడింటికి వస్తాడు, ఏడింటికి పోతాడు. అక్కడివాళ్లకి గంటల లెక్క పొద్దున ఆరింటి నుంచి మొదలు. మన ఏడు గంటలు వాళ్లకి ఒంటి గంట. కొత్తలో ఒకామెకి బిడ్డని మూడింటికి తీసుకురమ్మని చెబితే, పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చుంది. నేను మధ్యాహ్నం దాకా ఆమెని పట్టించుకోలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

తిండి సంగతి చెప్పగానే మాత్రం కూటంలో అందరూ నిటారుగా కూర్చున్నారు. అక్కడ కలో అని చేస్తారు. రాగిపిండి, కర్రపెండలం పిండి కలిపి కెలికిన ముద్ద. చూడ్డానికి అచ్చం మన సంగటే. దాంతో చెనక్కాయల పులుసో, నెయ్యితో చేసే ఎషాబ్వెనో నంజుకుంటారు. అసలు రాగి పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో అంటే ఒక్కరూ నమ్మలేదు. మొదటిసారి కలో తిన్నప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. 1853లో అమెరికా మిషనరీలైన స్కడ్డర్ అన్నదమ్ములు ఆర్కాట్ మిషన్ పెట్టిన కాలం నుంచి మా వైపు అమెరికా దొరలూ దొరసానులూ వస్తూనే ఉండేవారు. వాళ్లలో ఒక దొరసానమ్మ సంగటి మింగలేక నమిలేదని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు నేను కూర్చున్న చోట పిల్లలు నన్ను చూసి "ముహిందీ" అని అరుస్తారు. ఇండియా మనిషి అని. నేను తినేది చూడ్డానికి కిటికీ దగ్గర గుమిగూడతారు. సంగటి తినడంలో నాకెవరూ వంక పెట్టలేదు.

ఇక పీసీసీ సంగతి. ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయానికి వివరణ రాశాం. సెలవు మీద వచ్చామని ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం, పాస్‌పోర్ట్‌లో మేం దిగిన తేదీ ముద్ర, ఆధార్ నకళ్లు జత చేసి మళ్లీ విచారణ చేయించమని కోరాం. తర్వాత పదిహేను రోజులు గేటు చప్పుడైతే చాలు, నేను పరుగెత్తేదాన్ని. కూరగాయలకి కూడా ఇద్దరం కలిసి పోలేదు.

ఈసారి కానిస్టేబుల్ ముందే ఫోన్ చేసి వచ్చాడు. అదే మనిషి. టీ తాగుతూ ఎదురింటి పెద్దమ్మని కూడా పిలిచాడు. ఆమెకి ముందే నేర్పిపెడదాం అన్నారు మా ఆయన, నేను ఒప్పుకోలేదు. నేర్పినా ఆమె వినదు.

"మళ్లీ నువ్వేనా నాయనా? ఇప్పుడుండారు. పోయిన మాటు వచ్చినప్పుడు లేరు. వచ్చే నెల మళ్లీ ఉండరు. ఏం రాసుకుంటావో రాసుకో."

"ఇప్పుడుండారు అనేది చాలు పెద్దమ్మా, అంతవరకే రాస్తా" అన్నాడు.

చెన్నై ఫ్లైట్‌కి ఇంకా తొమ్మిది రోజులుందనగా తిరుపతి వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. పెద్దమ్మకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "ఇంత పల్చని దానికా రెండు మాట్లు తిరపతికి పోయింది?" అని, డబ్బా నిండా చెనక్కాయల పొడి చేతిలో పెట్టింది. ప్రయాణం ముందు రోజు తూకం వేస్తే సూట్‌కేసు రెండు కిలోలు ఎక్కువ. అత్తమ్మ కట్టిన రాగిపిండి తీసి ఇంట్లో పెట్టేశాం.