కొలెస్ట్రాల్ తగ్గిందని సంతోషించిన రోజులు

పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగించలేని స్థితి మొదలై నాలుగు నెలలు గడిచాక గానీ నేను డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. పని ఎక్కువైందనో, నిద్ర చాలడం లేదనో నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. నీళ్ల సీసా మూత తిప్పలేకపోయిన రోజున కూడా చెయ్యి బెణికి ఉంటుందని అనుకున్నాను. బడికి బయల్దేరుతున్న నా కూతురి చొక్కాకు గుండీలు పెట్టబోతే వేళ్లు వంగలేదు. అది చూసి తను నా చేతుల్ని మెల్లగా పక్కకు జరిపి, "నేను పెట్టుకుంటాలే అమ్మా" అంది. నాకు మొదటిసారి భయం వేసింది ఆ రోజే.

మొదట చూసిన డాక్టరు నా వేళ్ల కన్నా నా నీరసాన్ని ఎక్కువ పట్టించుకున్నారు. హిమోగ్లోబిన్ 9.6 ఉంది కాబట్టి ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నా అది 9.7కు మించి కదలలేదు. అదే సమయంలో చేయించిన కొవ్వుల పరీక్షలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 84 అని వచ్చింది. అంతకు రెండేళ్ల క్రితం అది 130కి దగ్గరగా ఉండేది. ఏ ప్రయత్నమూ చేయకుండానే అంత తగ్గినందుకు నేను నిజంగా సంతోషించాను. ఒళ్లు ఇంత బాగాలేని సమయంలో గుండె విషయమైనా నిశ్చింతగా ఉందని ఇంట్లో చెప్పుకున్నాం కూడా. ఆ సంతోషం ఎంత పొరపాటో తెలియడానికి దాదాపు సంవత్సరం పట్టింది.

కీళ్ల వ్యాధుల నిపుణురాలి దగ్గరికి వెళ్లాక పరిస్థితి మారింది. ఆవిడ ముందుగా నా వేళ్ల కణుపుల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూశారు. తర్వాత రక్తపరీక్షలు రాశారు. ఈఎస్‌ఆర్ గంటకు 72 మిల్లీమీటర్లు, సీఆర్‌పీ లీటరుకు 41 మిల్లీగ్రాములు వచ్చాయి. సీసీపీ అనే యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్‌గా వచ్చింది. నాకున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తోందని ఆవిడ చెప్పారు.

ఆ కాగితాల మీది అంకెలకు అర్థమేమిటని అడిగినప్పుడు ఆవిడ విసుక్కోకుండా వివరించారు. ఈఎస్‌ఆర్ చాలా పాత పరీక్ష. రక్తాన్ని నిలువుగా నిలబెట్టిన సన్నని గాజు గొట్టంలో పోసి, ఎర్ర రక్తకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో కొలుస్తారు. ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) నడుస్తున్నప్పుడు ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లు రక్తంలో పెరుగుతాయి. వాటి వల్ల కణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అతుక్కుని త్వరగా దిగిపోతాయి. అయితే రక్తహీనత, వయసు, గర్భం కూడా ఈ అంకెను పెంచుతాయి కాబట్టి, హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న నా విషయంలో ఆవిడ దాని ఒక్కదాని మీదే ఆధారపడలేదు. సీఆర్‌పీ తీరు వేరు. 1930లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించిన ఈ ప్రొటీన్‌ను కాలేయం తయారు చేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయన సంకేతం అందిన కొన్ని గంటల్లోనే అది పెరగడం మొదలై, సుమారు రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. దాని అర్ధాయువు, అంటే రక్తంలో అది సగానికి తగ్గడానికి పట్టే సమయం, 19 గంటలే కాబట్టి, మూలకారణం చల్లారితే వేగంగా పడిపోతుంది. ఈఎస్‌ఆర్ తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. "ఎక్కడో మంట ఉందని ఈ రెండూ చెబుతాయి గానీ అది ఎక్కడుందో చెప్పలేవు. ఎక్కడుందో మీ వేళ్లు చెప్పాయి" అన్నారావిడ.

ఐరన్ మాత్రలు పనిచేయకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. దీర్ఘకాలం కొనసాగే వాపులో అదే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఆ హార్మోన్ పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది, నిల్వల్లో ఉన్న ఇనుమును కూడా బయటికి రానివ్వదు. ఇనుము నిల్వల్ని సూచించే ఫెరిటిన్ నాకు ఎక్కువగా ఉండి, రక్తంలో ఇనుము తక్కువగా ఉండటం అందుకే. ఇనుము లేక కాదు, దాన్ని వాడుకునే దారి మూసుకుపోయి నేను నీరసించాను.

రోగనిరోధక వ్యవస్థ దాడిని తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టారు. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వేసుకోవలసిన ఆ ఒక్క రోజు పేరును ఆవిడ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, నా చేత రెండుసార్లు పైకి చదివించారు. ఇప్పుడు ఆ జాగ్రత్తను తలుచుకున్నప్పుడల్లా నాకు కృతజ్ఞత కలుగుతుంది. మందు వేసుకున్న మర్నాడు వికారంగా ఉండేది, ఫోలిక్ యాసిడ్ తోడయ్యాక అది చాలావరకు తగ్గింది. మొదటి ఆరు వారాల్లో ఏ మార్పూ లేక నిరుత్సాహపడ్డాను. ఎనిమిదో వారంలో ఒక పొద్దున లేచాక పావుగంటలోనే పిడికిలి బిగిసింది. మూడు నెలలకు సీఆర్‌పీ 12కు, ఆరు నెలలకు 4కు దిగింది. ఈసారి ఐరన్ మాత్రలు ఏవీ లేకుండానే హిమోగ్లోబిన్ 11.8కి పెరిగింది.

ఆ ఆరు నెలల పరీక్షల్లోనే ఎల్‌డీఎల్ 128 అని వచ్చింది. జబ్బు తగ్గుతూ ఉంటే కొలెస్ట్రాల్ పెరగడమేమిటని కలవరపడ్డాను, మందు మీద అనుమానపడ్డాను. నేను ఊహించని జవాబు వచ్చింది. వాపు ప్రక్రియ తీవ్రంగా ఉన్నప్పుడు శరీరం ఎల్‌డీఎల్‌ను మామూలు కంటే వేగంగా వాడేసుకుంటుంది కాబట్టి రక్తంలో అది తక్కువగా కనిపిస్తుంది. నేను మురిసిపోయిన ఆ 84 ఆరోగ్యానికి గుర్తు కాదు, జబ్బుకు గుర్తు. అంతేకాదు, కొలెస్ట్రాల్ తక్కువగా కనిపిస్తున్న ఆ కాలంలోనే గుండెకు ముప్పు ఎక్కువ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి గుండె జబ్బుల ముప్పు ఇతరులతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అందుకే మామూలు లెక్కతో వచ్చిన ముప్పును 1.5తో హెచ్చించాలని యూరప్ కీళ్లవ్యాధి నిపుణుల సంఘం సూచిస్తుంది. జబ్బు నిలకడగా ఉన్నప్పుడు చేసిన కొవ్వుల పరీక్షనే లెక్కలోకి తీసుకోవాలని ఆవిడ అన్నారు.

ధమని గోడలో కొవ్వు పేరుకోవడం, పైపులో మడ్డి పట్టినట్టు జరిగే పని అని నేను అనుకునేదాన్ని. నిజానికి ఆ కొవ్వును మింగడానికి తెల్లకణాలు గోడలోకి చేరతాయి, అక్కడే నిలిచిపోయి మంటను రాజేస్తాయి. కొవ్వుగడ్డ మీది కప్పు పలచబడి ఒకనాడు పగిలితే, అక్కడ గడ్డకట్టిన రక్తం గుండెపోటుకో పక్షవాతానికో దారితీస్తుంది. 2017లో వెలువడిన క్యాంటోస్ అనే పరిశోధన ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువగా ఉన్న పదివేల మందిపై, కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే మరో వాపు సంకేతాన్ని మాత్రమే అడ్డుకునే మందును పరీక్షించారు. 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే 15 శాతం తగ్గాయి. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. ఆ మరుసటి ఏడాది వెలువడిన మరో పరిశోధనలో, నేను వాడుతున్న మెథోట్రెక్సేట్‌నే, నా జబ్బు లేని గుండె రోగులకు తక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. వారిలో సీఆర్‌పీ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. వాపు అని ఒకే మాటతో పిలుస్తున్నా, అన్ని వాపుల మూలాలూ ఒకటి కావని నాకు బోధపడింది దీనితోనే.

అయినా నేను అంకె వెంట పడ్డాను. ప్రయోగశాలకు నేరుగా వెళ్లి, డాక్టరు చెప్పకపోయినా నెలకు రెండుసార్లు పరీక్ష చేయించుకునేదాన్ని. ఒకసారి జలుబు, గొంతునొప్పి ఉన్న వారంలో సీఆర్‌పీ 27 వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జబ్బు తిరగబెట్టిందని, మందు మోతాదు పెంచమని అడగడానికి పొద్దున్నే పరుగెత్తాను. ఆవిడ మళ్లీ నా కణుపులన్నీ నొక్కి చూసి, ఒక్కటి కూడా వాచలేదని చెప్పి, రెండు వారాలు ఆగమన్నారు. రెండు వారాల తర్వాత అది 3.8.

అప్పుడే హెచ్‌ఎస్ సీఆర్‌పీ గురించి కూడా చెప్పారు. అదే ప్రొటీన్‌ను చాలా తక్కువ స్థాయిల్లో కూడా కచ్చితంగా కొలిచే పరీక్ష అది. గుండె ముప్పును అంచనా వేసేటప్పుడు 1 కంటే తక్కువైతే ముప్పు తక్కువని, 1 నుంచి 3 దాకా మధ్యస్థమని, 3 దాటితే ఎక్కువని చూస్తారు. కనీసం రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు తీయాలి, 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ వంటి కారణాలు వెతికి, తగ్గాక మళ్లీ చేయించాలి. నాలాంటి కీళ్ల జబ్బు ఉన్నవారికి ఈ హద్దుల్ని యథాతథంగా వర్తింపజేయలేం. మరో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పుట్టుకతోనే, జన్యువుల వల్ల సీఆర్‌పీ ఎక్కువగా ఉండేవారిని పరిశీలించినప్పుడు, ఆ కారణంగా వారికి గుండెపోట్లు ఎక్కువగా రాలేదు. అంటే సీఆర్‌పీ జబ్బును తెచ్చేది కాదు, జబ్బు సంగతి మోసుకొచ్చేది. దాన్ని పంపుతున్నది ఎవరో వెతకాలి.

వెతికితే కీళ్లు మాత్రమే కాదని తేలింది. ఏళ్ల తరబడి పళ్లు తోముకుంటున్నప్పుడు రక్తం వస్తున్నా నేను లెక్కచేయలేదు. చిగుళ్ల కింద లోతైన తిత్తులు ఉన్నాయని చెప్పి పంటి డాక్టరు నాలుగుసార్లు పిలిచి శుభ్రం చేశారు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను విడుదల చేస్తుందని తెలిసి, కీళ్లు సహకరించినంత మేర రోజూ నడవడం మొదలుపెట్టాను. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. బీపీ 142/90 ఉండటంతో దానికి మాత్ర, ఎల్‌డీఎల్‌కు స్టాటిన్ రాశారు. మెథోట్రెక్సేట్‌తో పాటు స్టాటిన్ కూడా ఉంది కాబట్టి కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం నావల్ల కాదు. చలికాలపు పొద్దుల్లో కుడిచేతి మధ్యవేలు ఇంకా బిగుసుకుంటుంది, ఎక్కువసేపు రాస్తే నొప్పి పుడుతుంది.

పోయిన నెల పరీక్షల్లో సీఆర్‌పీ 2.1, హిమోగ్లోబిన్ 12.4, ఎల్‌డీఎల్ 82 వచ్చాయి. ఇంటికొచ్చి ఫైలు తెరిస్తే, పాత కాగితంలోని 84 కనిపించింది. రెండు అంకెల మధ్య తేడా రెండే. ఎవరికైనా ఆ రెండు కాగితాలు చూపిస్తే నా గుండె అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉందని అనుకుంటారు. అందుకని పాత కాగితంలో ఆ 84 పక్కన, తర్వాత బయటపడిన సీఆర్‌పీ 41, ఈఎస్‌ఆర్ 72 పెన్నుతో రాసి, రెండింటినీ కలిపి పిన్ను కొట్టాను. మూడు నెలల తర్వాత వెళ్లేటప్పుడు ఆ జత కూడా తీసుకెళ్లాలి.