బీఓ మోటార్లతో శక్తి పాఠాలు: జూన్ నుంచి ఇప్పటిదాకా

జూన్

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే మా వీధి పిల్లలతో ఆదివారం పొద్దున ఓ గంట కూర్చుంటున్నాను. ఈసారి శక్తి రూపాంతరం తీసుకున్నాం. పాఠం వాళ్లకి కంఠతా వచ్చు. డ్యామ్ నీళ్లలో స్థితిజ శక్తి, పడేటప్పుడు గతిజ శక్తి, టర్బైన్‌లో యాంత్రిక శక్తి, జనరేటర్ దాటితే విద్యుత్ శక్తి అని గడగడా అప్పజెప్పేస్తారు. దారిలో ఎంత పోయింది, ఎక్కడికి పోయింది అని అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. నన్నడిగితే అసలు పాఠం అక్కడే ఉంది.

సామాను పెద్దగా ఏం లేదు. రోబో బొమ్మలకి వాడే పసుపు రంగు బీఓ (బ్యాటరీతో నడిచే) మోటార్లు, వాటి చక్రాలు, 2.5 వోల్టుల టార్చి బల్బు, తెల్ల ఎల్‌ఈడీ, క్రొకడైల్ క్లిప్పుల వైర్లు. మోటార్‌ని చెక్కముక్కకి జిప్ టైలతో బిగించి, చక్రం అంచున ఒక బోల్టు పెడితే అదే హ్యాండిల్. కరెంటిస్తే తిరిగే మోటార్‌ని మనం చేత్తో తిప్పితే అదే జనరేటర్‌లా కరెంటిస్తుంది. మామూలుగా దొరికే రకంలో గేరు నిష్పత్తి 1:48. అంటే చేత్తో ఒక చుట్టు తిప్పితే లోపలి మోటార్ 48 చుట్లు తిరుగుతుంది. ఎల్‌ఈడీ వెలిగేంత వోల్టేజీ వచ్చేది అందుకే. రెండు జాగ్రత్తలు: గేర్లు ప్లాస్టిక్‌వి, పిల్లలు కుదిపి తిప్పితే పళ్లు రాలిపోతాయి. మోటార్ వెనక ఉండే రాగి రేకులు మరీ పల్చన, వైరు లాగితే ఊడొస్తాయి. సోల్డర్ చేశాక పైన గ్లూ గన్‌తో ఒక చుక్క వేసేస్తే గొడవ ఉండదు. ఎల్‌ఈడీ ఒకవైపు తిప్పితేనే వెలుగుతుంది, హ్యాండిల్ పక్కన స్కెచ్ పెన్‌తో బాణం గీసి పెట్టాను.

జూలై

ఈ నెలంతా కళ్లగంతల ఆటతోనే సరిపోయింది. ఒకరికి కళ్లకి కర్చీఫ్ కట్టి హ్యాండిల్ తిప్పమంటాం. ఇంకొకరు బల్బు వైరు కలుపుతూ, తీస్తూ ఉంటారు. తిప్పేవాళ్లు బల్బు ఎప్పుడు వెలిగిందో చెప్పాలి. చూడకుండా ఎలా చెప్తాం అంకుల్ అన్నవాళ్లే కాసేపటికి "ఇప్పుడు పెట్టావ్... ఇప్పుడు తీశావ్" అని టకటకా చెప్పేశారు. వైరు కలవగానే హ్యాండిల్ బరువెక్కుతుంది మరి. ఈ ఆటకి ఎల్‌ఈడీ పనికిరాదు, అది తీసుకునేది మరీ తక్కువ, చేతికి తేడా తెలియదు. టార్చి బల్బే పెట్టాలి. వైర్లు రెండూ నేరుగా తాకిస్తే ఇంకా గట్టిగా పట్టేస్తుంది. వెలుగు ఊరికే రాదు, తిప్పేవాడి అన్నం ఖర్చవుతుంది అని నేను చెప్పే పని లేకుండానే అర్థమైంది.

ఆ తర్వాత రెండు మోటార్లని వైర్లతో కలిపాం. ఒకదాన్ని తిప్పితే రెండోది దానంతటదే తిరుగుతుంది. ఇది చూసి ఏడో తరగతి అబ్బాయి ఒకడు మంచి ప్రశ్న వేశాడు. శ్రీశైలం ఎడమ గట్టు పవర్ హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి, అవి తిరగేసి నడిపితే నాగార్జునసాగర్ వైపు దిగిన నీళ్లని మళ్లీ పైకి తోడతాయి అని చెప్పి ఉన్నాను. "అయితే అవే నీళ్లని దింపుతూ, తోడుతూ ఉంటే కరెంటుకి కొదవేముంది?" అన్నాడు. జవాబు చెప్పకుండా రెండు చక్రాలకీ సుద్దతో గుర్తు పెట్టి చుట్లు లెక్కపెట్టమన్నాను. ఇటు పది తిప్పితే అటు ఆరో ఏడో. ఎన్నిసార్లు తిప్పినా పది రాలేదు. పెద్ద ప్లాంట్లలోనూ తోడటానికి పెట్టిన కరెంటులో 70–80 శాతమే తిరిగొస్తుంది. మరి ఎందుకు కట్టారు? కరెంటు మిగిలినప్పుడు తోడుకుని, అందరికీ ఒకేసారి కావాల్సినప్పుడు దింపుకోడానికి. ఈ మాట దగ్గర పిల్లలకన్నా వెనక నిలబడ్డ వాళ్ల నాన్నలే ఎక్కువసేపు ఆగారు.

ఆగస్టు

అర లీటరు నీళ్ల సీసాకి పురికొస కట్టి చక్రానికి చుట్టాం. చెక్కని టేబుల్ అంచుకి సి-క్లాంపుతో బిగించాలి, లేకపోతే సీసాతో పాటు అదీ కిందకొస్తుంది. కింద పాత దుప్పటి. అర కిలో బరువు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి దాదాపు 5 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). ఎల్‌ఈడీ రెండు సెకన్లు కూడా వెలగదు. దానికి అందింది గట్టిగా లెక్కేసినా ఒక జౌల్‌లో పదో వంతు.

మిగతా లెక్క తేల్చమంటే గోలగోల. గేర్ల కిరకిర, సీసా దుప్పటి మీద దబ్బుమనడం, వైర్లు, తాడు రాపిడి... ఒక్కొక్కటీ బోర్డు మీద రాశాం. దబ్బుమనడానికే ఎక్కువ పోయిందని ఒక అమ్మాయి వాదన. ఎల్‌ఈడీ తీసి బల్బు పెడితే సీసా నెమ్మదిగా దిగి మెత్తగా ఆనింది, వాదన నెగ్గింది. కానీ ఇలా పోయిన శక్తి చివరికి వేడిగా మారుతుందంటే ఎవరూ నమ్మలేదు. మోటార్ ముట్టుకుంటే చల్లగానే ఉందిగా అంటారు.

కాబట్టి తర్వాతది ఇసుక డబ్బా. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పొడి ఇసుక పోసి, చేతి వేడి తగలకుండా చుట్టూ థర్మోకోల్ కట్టి, ఐదు నిమిషాలు గట్టిగా ఊపాలి. పెరిగేది ఒకటి రెండు డిగ్రీలే కాబట్టి దశాంశం చూపించే థర్మామీటర్ ఉండాలి. జ్వరం చూసేది గది ఉష్ణోగ్రత చూపదు. చేపల తొట్టెలకి వాడే వైరున్న డిజిటల్‌ది ఆర్డర్ పెట్టాను. ఇసుక ముందు రోజే గదిలో పెట్టి ఉంచాలి, ఎండలోంచి తెచ్చి పోస్తే రీడింగ్ పనికిరాదు.