ఒకే కోడ్ ఉన్న రెండు గేర్‌బాక్సులు

నా బండిలోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో రివర్స్ గేరు పూర్తిగా పోయినప్పుడు, అదే కంపెనీ తయారుచేసిన మరో మోడల్ నుంచి గేర్‌బాక్స్ తెచ్చి బిగించాలని నిర్ణయించుకున్నాను. రెండింటి మీద ఉన్న లోహపు పలకల్లో ఒకే కోడ్ కనిపించింది, రెండు మోడళ్లలోనూ ఒకే ఇంజిన్ ఉంది కనుక ఇక అనుమానించవలసినదేమీ లేదనుకున్నాను. ఆ కోడ్ ఇంటిపేరు లాంటిదని, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లంతా ఒకే మనిషి కానట్టే ఒకే కోడ్ ఉన్న గేర్‌బాక్సులన్నీ ఒకటి కావని, ఒక పంపు విరిగిన తరువాత గానీ నాకు అర్థం కాలేదు.

ఒకే డిజైన్ అనేక బండ్లలోకి వెళ్లడం ఈ రంగంలో చాలా మామూలు విషయం. ఐసిన్ సంస్థ రూపొందించిన గేర్‌బాక్స్ టొయోటా బండ్లలో ఏ340 అనే పేరుతోనూ, 1987 నుంచి 2001 వరకు జీప్ చెరోకీలో ఏడబ్ల్యూ4 అనే పేరుతోనూ వచ్చింది. లోపలి యంత్రం దాదాపు ఒకటే అయినా, ఇంజిన్‌కు ఆనుకునే బెల్ హౌసింగ్ వేరు, వెనుక భాగం వేరు, దాన్ని నడిపే కంప్యూటర్ వేరు. జెడ్ఎఫ్ అనే జర్మన్ సంస్థ తయారుచేసే ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ కూడా ఎన్నో కంపెనీల బండ్లలో ఉంది. అందులో కంప్యూటర్ గేర్‌బాక్స్ అడుగున, ఆయిల్‌లోనే ఉంటుంది కనుక గేర్‌బాక్స్‌తో పాటు పాత బండి తెలివితేటలు కూడా కొత్త బండిలోకి వచ్చేస్తాయి.

ఈ మార్పిడి తయారీదారులకు కూడా ఒకసారి తప్పలేదు. 1953 ఆగస్టు 12న అమెరికాలోని లివోనియాలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేర్‌బాక్సుల కర్మాగారం అగ్నికి ఆహుతైనప్పుడు, కొంతకాలం క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అదే సంస్థలోని బ్యూయిక్ వారి డైనాఫ్లో గేర్‌బాక్స్‌ను, పాంటియాక్ కార్లలో షెవ్రొలే వారి పవర్‌గ్లైడ్‌ను అమర్చారు. వారి చేతిలో డ్రాయింగులు, ఇంజినీర్లు, వర్క్‌షాపులు ఉన్నాయి. నా చేతిలో ఒక కోడ్, ఒక జాకీ మాత్రమే ఉన్నాయి.

నేను తెచ్చిన గేర్‌బాక్స్‌తో వచ్చిన టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) బోల్టు రంధ్రాలు నా ఫ్లెక్స్ ప్లేట్‌కు (ఇంజిన్ వెనుక తిరిగే పలుచని లోహపు పళ్లేనికి) సరిపోలేదు. అందువల్ల నా పాత కన్వర్టర్‌నే దానిలోకి తొడిగాను. కన్వర్టర్ మూడు చోట్ల కుదురుకోవాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద, స్టేటర్ (కన్వర్టర్ లోపల ఆయిల్ దారి మళ్లించే చక్రం) గొట్టం పళ్ల మీద, చివరగా ఆయిల్ పంపును తిప్పే గాడుల్లో. రెండు చేతులతో పట్టుకుని, తిప్పుతూ లోపలికి నెడుతూ ఉంటే, ప్రతి చోటా అది ఒక్కసారిగా జారి లోపలికి దిగినట్టు చేతికి తెలుస్తుంది. నాకు రెండుసార్లు తెలిసింది, మూడోసారి తెలియలేదు. ఇంజిన్‌కూ బెల్ హౌసింగ్‌కూ మధ్య వేలు పట్టేంత సందు మిగిలిపోయినా, బోల్టులు బిగిస్తే దగ్గరకు వస్తుందని బిగించాను. దగ్గరకు వచ్చింది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే లోపలి నుంచి పెంకులు నలిగినట్టు చప్పుడు వచ్చి, పంపు లోపలి గేరు రెండు ముక్కలైంది.

అప్పటి నుంచి ఒక నియమం తప్పకుండా పాటిస్తున్నాను. బెల్ హౌసింగ్ చేతులతో నెడితేనే ఇంజిన్‌కు పూర్తిగా ఆనాలి, అమరిక చూపే డోవెల్ పిన్నులు రెండూ తమ చోట ఉండాలి, ఆనిన తరువాత కన్వర్టర్‌కూ ఫ్లెక్స్ ప్లేట్‌కూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండి కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా బోల్టు ముట్టుకోను.

రెండోసారి గేర్‌బాక్స్, కన్వర్టర్, ఫ్లెక్స్ ప్లేట్ మూడూ ఒకే బండి నుంచి తీసుకున్నాను. అన్నీ చక్కగా కూర్చున్నాయి, బండి కదిలింది, కానీ కొంతదూరం వెళ్లేసరికి హెచ్చరిక దీపం వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోయింది. కారణం గేర్ల నిష్పత్తులు. కంప్యూటర్ గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగాన్నీ, బయటకు వెళ్లే వేగాన్నీ ఎప్పటికప్పుడు పోల్చి చూస్తూ ఉంటుంది. రెండో గేరు నిష్పత్తి 1.50 అని దానికి తెలిసి ఉంటే, ఇన్‌పుట్ నిమిషానికి 3,000 సార్లు తిరిగినప్పుడు ఔట్‌పుట్ 2,000 ఉండాలని ఎదురుచూస్తుంది. కొత్త గేర్‌బాక్స్‌లో ఆ నిష్పత్తి 1.60 అయితే 1,875 మాత్రమే వస్తుంది. యంత్రంలో లోపమేమీ లేకపోయినా, క్లచ్ ప్లేట్లు జారుతున్నాయని భావించి కంప్యూటర్ రక్షణ స్థితిలోకి వెళ్లిపోతుంది. ఆ గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను కూడా తెచ్చి పెడదామంటే, అది ఇంజిన్ కంప్యూటర్‌తో నిరంతరం సంభాషించాలి, గేరు మారే క్షణంలో ఇంజిన్ శక్తిని కాస్త తగ్గించమని అడగాలి. అడిగే భాష రెండింటికీ ఒకటే అయితేనే అది సాధ్యం. చివరకు నా బండి నిష్పత్తులే ఉన్న మూడో గేర్‌బాక్స్‌ను వెతికి బిగించాను.

ముందు చక్రాలు నడిపే బండ్లలో ఇంకో చిక్కు ఉంది: ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు చేరేముందు వేగాన్ని చివరిసారి తగ్గించే గేర్లు) కూడా గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. 3.55 నిష్పత్తి ఉన్న చోట 4.10 ఉన్నది పెడితే, పాత వేగానికే నిమిషానికి 2,600 సార్లు తిరిగే ఇంజిన్ ఇప్పుడు సుమారు 3,000 సార్లు తిరుగుతుంది. వెనుక చక్రాల బండ్లలో చూడవలసినవి క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ను కింద నుంచి మోసే అడ్డ దూలం) మౌంటు స్థానం, వెనుక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, దాని స్ప్లైన్ల (పళ్ల) సంఖ్య. ఇవి టేపుతో, కంటితో తేలిపోయే విషయాలు.

ఆయిల్ విషయంలో మాత్రం మెకానిక్‌లు సైతం పొరబడడం చూశాను. ఏ ఆయిల్ పోయాలో నిర్ణయించేది గేర్‌బాక్స్, అది కూర్చున్న బండి కాదు; క్లచ్ ప్లేట్లు ఎంత మృదువుగా పట్టుకోవాలన్నది ఆ ఆయిల్‌లోని రసాయనాల మీద ఆధారపడుతుంది. చనిపోయిన గేర్‌బాక్స్ విసర్జించిన ఇనుప రజను, కాలిన ప్లేట్ల పొడి ఆయిల్ కూలర్‌లోనూ గొట్టాలలోనూ దాగి ఉంటాయి కనుక, వాటిని కడగకుండా మంచి గేర్‌బాక్స్ తగిలించడం దానికి మొదటి రోజే విషం తాగించడం వంటిది. నేను కూలర్‌ను కొత్తదే వేయించాను.

చివరి పరీక్ష గేరు లీవరుకు. కొత్త గేర్‌బాక్స్‌లోని మెట్లూ నా లీవరు మెట్లూ కచ్చితంగా కలవాలి; లీవరు పార్క్ చూపిస్తున్నా లోపలి కొక్కెం పూర్తిగా పడకపోతే నిలిపిన బండి దొర్లిపోతుంది. చిన్న వాలు మీద చక్రాలకు కాస్త దూరంగా చెక్క దిమ్మెలు పెట్టి, లీవరును పార్క్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా వదిలాను. బండి ఒక్క అంగుళం కదిలి, టక్కుమని ఆగింది. మరో రెండుసార్లు అలాగే చేసి, మూడుసార్లూ ఆగిన తరువాత దిమ్మెలు తీసేశాను.