నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

అలారం మోగకముందే నాలుగున్నరకు మెలకువ వచ్చేసింది. అండమాన్ సైకిల్ టూర్ నుంచి ఇల్లు చేరి నాలుగు రోజులైంది, ఒళ్ళు మాత్రం ఇంకా అక్కడి నీల్ దీవిలోనే ఉంది. అక్కడ ఈ ఫిబ్రవరిలో ఐదున్నరకే వెలుగు వచ్చేస్తుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దుగుంకిపోతుంది. అండమాన్ మనకు అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే కదా. అందుకే బెజవాడ కంటే దాదాపు గంట ముందే అక్కడ తెల్లారిపోతుంది. మొదటి రాత్రి గైడ్ కుర్రాడు “రేపు ఐదింటికల్లా సైకిళ్ళ దగ్గరుండాలి దీదీ” అంటే నేనూ వదినా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మూడో రోజుకు అతను పిలవకముందే మేం వెళ్ళి నిలబడ్డాం.

మంచం మీద దొర్లేకంటే నయమని బాబు పాత సైకిల్ బయటికి తీశాను. వాడు హైదరాబాద్ వెళ్ళిపోయాక రెండేళ్ళు మెట్ల కింద దుమ్ము పట్టి ఉండింది. డిసెంబరులో ఈ టూర్‌కు డబ్బు కట్టేశాక, దీనికి ట్యూబులు మార్పించి, వదినకు వాళ్ళ పక్కింటివాళ్ళ సైకిల్ అడిగి తెచ్చి, ఇద్దరం రెండు నెలలు తొక్కాం. భవానీపురం నుంచి దుర్గమ్మ కొండ కింద నుంచి బ్యారేజీ మీదికి, అటు సీతానగరం, ఓపిక ఉన్న రోజు ఉండవల్లి గుహల దాకా. ఎత్తు ఎక్కడం అలవాటవ్వాలని తెల్లవారుజామున బళ్ళు లేనప్పుడు ఫ్లైఓవర్ ఎక్కేవాళ్ళం. నలభై ఎనిమిదేళ్ళ వయసులో చీర మానేసి పంజాబీ డ్రెస్సులో సైకిల్ తొక్కుతుంటే వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఒకటి రెండు రోజులు వింతగా చూశారు. తర్వాత వాళ్ళే గుడ్ మార్నింగ్ చెప్పడం మొదలుపెట్టారు.

ఇవాళ వదిన రాలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను. బ్యారేజీ మీదికి వచ్చేసరికి ఇంకా చీకటే. నడినెత్తిన సగం చంద్రుడు. నది వైపు చూసి ఆగిపోయాను. వారం కిందట పౌర్ణమి చంద్రుణ్ణి ఇదే వేళకు సముద్రం మీద పడమట దిగిపోతుండగా చూశాం. సగం చంద్రుడు అంటే ఇవాళ అక్కడ నీళ్ళు పెద్దగా వెనక్కి వెళ్ళవన్నమాట. ఆ ఆలోచన నాకు దానంతటదే రావడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. పోయిన నెల దాకా నాకు చంద్రుడంటే సంకష్టహర చవితి నాడు ఎన్నింటికి వస్తాడా అని చూసేంతవరకే.

టూర్ గురించి పూర్తిగా రాసుకోలేదు, వచ్చిన దగ్గర్నుంచీ ఆఫీసు, బట్టలు ఉతుక్కోవడమే సరిపోయింది. ఇవాళ కొంతైనా రాయాలి.

మొత్తం ఎనిమిది మందిమి, ఐదు రోజులు. రెండు రోజులు హేవ్‌లాక్, మూడు రోజులు నీల్. 2018లో వీటికి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు, పోర్ట్‌బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. జెట్టీ దగ్గర ఆటోవాళ్ళు మాత్రం ఇంకా నీల్, హేవ్‌లాక్ అనే అరుస్తారు. పోర్ట్‌బ్లెయిర్‌లో మా ఆటో అతను మా మాటలు విని వెనక్కి తిరిగి “మీదే ఊరమ్మా?” అన్నాడు. వాళ్ళది శ్రీకాకుళం అట. తాత రోజుల్లో వచ్చారట. బెజవాడ అనగానే అమ్మవారి గుడి గురించి అడిగాడు, హార్బర్ వచ్చేదాకా ఆ కబుర్లే. అంత దూరం సముద్రం దాటి వెళ్ళి అక్కడ తెలుగు వింటే ప్రాణం లేచొచ్చింది.

నీల్‌లో ఊళ్ళ పేర్లు చూసి వదిన పొంగిపోయింది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. సీతాపూర్ దగ్గర సూర్యోదయం చూసి, అరటితోటలూ వక్క చెట్లూ దాటుకుంటూ అరగంట తొక్కితే లక్ష్మణ్‌పూర్. దీవి అంతే. దాదాపు అంతా చదునే, సైకిల్‌కు అంతకంటే మంచిచోటు ఉండదు. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను ఈ దీవుల్లో స్థిరపరిచారు. మా గైడ్ తాత కూడా అలా వచ్చినవాడే. దారిలో బెండ, వంగ, గుమ్మడి మడులు ఆపి చూపించాడు. ఇక్కడి కూరగాయలు పోర్ట్‌బ్లెయిర్ దాకా వెళ్తాయి. ఒక పెరట్లో బచ్చలి పందిరి చూసి నేను దిగి నిలబడిపోయాను. అచ్చం మా అమ్మ పెరటిలాగే ఉంది.

అసలు రాయాలనుకున్నది ఆ కుర్రాడి గురించి. పాతికేళ్ళుంటాయేమో. మొదటి పొద్దున మా ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి, ఈ మధ్య సైకిల్ తక్కువ తొక్కిందెవరు అని అడిగాడు. నేను కాస్త ఆలస్యంగా చెయ్యెత్తాను. “అయితే మీరు ముందు” అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. నా వెనక పుణె నుంచి వచ్చిన ఇద్దరు ముప్పై ఏళ్ళ పిల్లలున్నారు, రోజూ నలభై కిలోమీటర్లు తొక్కేవాళ్ళు. వాళ్ళకు అడ్డమవుతానేమోనని టెన్షన్. మొదటి పావుగంటా మెడ వెనక్కి తిప్పి చూస్తూనే ఉన్నాను.

అతను పక్కనే తొక్కుతూ చెప్పాడు. నెమ్మదిగా తొక్కేవాళ్ళు వెనక ఉంటే ఏమవుతుందంటే, ముందు వెళ్ళినవాళ్ళు ఎక్కడో ఒక చోట ఆగి, నీళ్ళు తాగి, ఫోటోలు తీసుకుని, సేద తీరుతారు. వెనకవాళ్ళు ఆయాసపడుతూ వచ్చి చేరేసరికి “వచ్చేశారా, పదండి” అని బయల్దేరతారు. ఎక్కువ అలిసినవాళ్ళకు అసలు ఆగడమే దొరకదు. రెండు రోజులు అలా జరిగితే మూడో రోజు వాళ్ళు రూమ్‌లోనే ఉండిపోతారు. రాకపోవడం వాళ్ళ ఇష్టమనుకుంటారు అందరూ.

ఆ మాట వినగానే నాకు ఎవరో గుర్తొచ్చారు. అప్పుడు పేరు పెట్టి అనుకోలేదు కానీ గుర్తొచ్చారు.

సీటు ఎత్తు కూడా అతనే సరిచేశాడు. ఇన్నాళ్ళూ కాలు నేలకు బాగా ఆనాలని సీటు కిందికి దించుకునేదాన్ని. అదే మోకాళ్ళ నొప్పికి మూలమట. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద పెడితే కాలు తిన్నగా ఉండాలి, అప్పుడు మునివేళ్ళ వైపు పాదంతో తొక్కితే మోకాలు కొంచెమే వంగుతుంది. నాలుగు వేళ్ళ ఎత్తు పెంచాడు. దిగేటప్పుడు భయమేసింది కానీ సాయంత్రానికి మోకాలి నొప్పి లేదు. ఇవాళ పొద్దున బాబు సైకిల్‌కు కూడా అదే చేశాను.

హేవ్‌లాక్‌లో జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దారి మాత్రం నీల్‌లా కాదు. దాదాపు పన్నెండు కిలోమీటర్లు, చివర్లో అడవి మధ్య ఎత్తుపల్లాలు. అక్కడ అద్దెకిచ్చిన సైకిల్ గొలుసు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంది, ఎత్తు మీద రెండుసార్లు జారింది. రెండోసారి పడబోయి చెట్టు పట్టుకున్నాను, మోచెయ్యి గీరుకుంది. గైడ్ గొలుసు ఎక్కించి, నూనె వేసి, “ఇక్కడి నుంచి నడుద్దాం” అన్నాడు. నా ఒక్కదానికోసం కాదు, ఎనిమిది మందిమీ దిగాం. సైకిళ్ళు తోసుకుంటూ నడిచాం కాబట్టే ఆ అడవిని చూశాం. కొమ్మలు లేకుండా తాడిలా లేచిపోయిన గర్జన్ చెట్లు, పడౌక్ చెట్లు. పడౌక్ మన ఎర్రచందనానికీ వేగిసకూ దగ్గరి చుట్టం, పుల్లంపేట వైపు ఎర్రచందనం చూసినవాళ్ళకు దాని కాయ చూస్తే తెలుస్తుంది, చుట్టూ రేకు ఉన్న బిళ్ళలా ఉంటుంది. తొక్కుకుంటూ పోయి ఉంటే ఆ కాయ నా కంట పడేదే కాదు.

ఇక లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రంలో నడవడం. పౌర్ణమి మర్నాడు. గైడ్ దగ్గర ఆటుపోట్ల పట్టిక ఉంది, రోజు ప్రోగ్రామ్ అంతా దాన్నిబట్టే. మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించి, పడుకోవద్దని చెప్పి, నాలుగింటికి మమ్మల్ని ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ రాతి తోరణం ఒకటుంది, బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. పోటు మీద ఉన్నప్పుడు దాని దగ్గరికి పోవడం కష్టం. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గిపోయి, ఎకరాలకెకరాలు రాతినేల బయటపడింది. గుంటల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో వేలంత చేపలు. ఒక గుంట దగ్గర గొంతుకూర్చుని చూస్తే, రాయి పగులు లాంటి చోట నీలం రంగు పెదవులు అలల్లా వంపు తిరిగి ఉన్నాయి. పెద్ద ఆల్చిప్ప అది. నా నీడ పడగానే మెల్లగా మూసుకుంది. నీడ తీసేశాక చాలాసేపటికి మళ్ళీ తెరుచుకుంది. అది తెరుచుకునేదాకా కదలకుండా కూర్చున్నాను, మోకాళ్ళు పట్టేసినా సరే. వెనక ఏడుగురూ ఆగారు, ఒక్కరూ తొందర పెట్టలేదు.

ఎక్కడ అడుగు వెయ్యాలో గైడ్ చూపించేవాడు, ఇసుక మీదో మొండి రాయి మీదో తప్ప పగడం మీద కాలు పడకూడదు. వదిన ఒక శంఖం ఏరితే తిరిగి అక్కడే పెట్టించాడు. అందులో పీత కాపురముంది. చచ్చిన పగడం ముక్క కూడా దీవి దాటించకూడదు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు. వదిన చిన్నబుచ్చుకుంది కానీ, ఆ శంఖం నాలుగడుగులు నడుచుకుంటూ వెళ్ళిపోవడం చూశాక తనే నవ్వేసింది.

బ్యారేజీ మీదినుంచి ఇంటికొచ్చేసరికి ఏడు. ఇడ్లీలు, అల్లప్పచ్చడి, ఆదివారం పనులు, ఆయనకు జలుబు, మధ్యాహ్నం ఒక కునుకు. ఇవన్నీ రోజూ ఉండేవే.

సాయంత్రం ఐదింటికి ఆయన “పున్నమి ఘాట్ దాకా వెళ్ళొద్దామా?” అన్నారు. అత్తయ్య ఎప్పటిలాగే “మీరు వెళ్ళిరండి, నాకు ఓపిక లేదు” అన్నారు. ఏడాదిగా ఇదే మాట. డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, సరే అని వదిలేసేవాళ్ళం. ఇవాళ నాకు ఆ మాట వేరేగా వినబడింది. ఇదివరకు మేం ఎలా నడిచేవాళ్ళమో గుర్తుచేసుకున్నాను. మేమిద్దరం ముందు వెళ్ళి వీధి చివర ఆగేవాళ్ళం. ఆవిడ వచ్చి చేరగానే “పదండి” అని కదిలేవాళ్ళం. ఘాట్‌కు వెళ్ళేసరికి మేం మూడుసార్లు ఆగి ఉంటాం, ఆవిడ ఒక్కసారి కూడా ఆగి ఉండరు. మూడో రోజు రూమ్‌లో ఉండిపోయినవాళ్ళు ఆవిడే.

“మీరు ముందు నడవండి అత్తయ్యా, మేం మీ వెనకే వస్తాం” అన్నాను. ముందు నమ్మలేదు. చెప్పులు తెచ్చి ముందు పెట్టాను.

మామూలుగా పది నిమిషాల దారి, ఇవాళ ముప్పావుగంట పట్టింది. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ ఆగాం. ఒక గోడ పక్కన జిల్లేడు దగ్గర ఆగి, వచ్చే ఆదివారం శివరాత్రికి ఈ పూలు కోసుకోవచ్చు అన్నారు. ఆ గోడ పక్కనుంచి నేను రోజూ పోతాను, అక్కడ జిల్లేడు ఉందనే నాకు తెలియదు. కిరాణా కొట్టాయన లేచొచ్చి “ఏం మామ్మగారూ, చాన్నాళ్ళైంది” అన్నాడు. ఆవిడ అతని కూతురి కాన్పు గురించి అడిగారు. మా ఆయన ఒకసారి వాచీ చూసుకున్నారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా భవానీ ద్వీపం, దాని చెట్ల వెనక పొద్దు వాలుతోంది. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అత్తయ్య వేలు పెట్టి చూపించారు. తర్వాత ఆల్చిప్ప కథ చెప్పమన్నారు. ఫోన్లో మాట్లాడినప్పుడు సగమే చెప్పానట. చెప్పాను. నీళ్ళు వెనక్కి పోవడం గురించీ చెప్పాను. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి కలిసి లాగుతారు కాబట్టి ఆటు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ, రోజుకు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది అని. ఆవిడ శ్రద్ధగా విన్నారు. “తిథి లాంటిదే” అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కూడా ఆవిడే ముందు. వీధి దీపాలు వెలిగిపోయాయి. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, కూర్చోకుండా, నేరుగా గోడ క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను కుక్కర్ పెడుతుంటే వంటింట్లోకి వినబడేలా అన్నారు:

“శివరాత్రి వెళ్ళిన రెండో రోజే అమావాస్యమ్మా. మీ ఆల్చిప్పకు ఆ రోజు మళ్ళీ గాలి తగులుతుంది.”