శ్రీనగర్ ట్యూలిప్ గార్డెన్ ట్రిప్ - నా అనుభవం (ప్రీపెయిడ్ సిమ్ వాళ్ళు తప్పకుండా చదవండి)

నిన్న రాత్రే రాజమండ్రి వచ్చి పడ్డాం, బ్యాగులు కూడా విప్పలేదు, కోపం చల్లారకముందే రాసేస్తున్నా. నేను, మా ఆయన, అత్తయ్య, మావయ్యగారు ఏప్రిల్ మొదట్లో ట్యూలిప్స్ చూడ్డానికి వెళ్ళాం. ఫ్లైట్లు, హోటలు ఏ ఇబ్బందీ లేదు. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్‌కి మొత్తం డబ్బు ముందే కట్టేశాం. "అంతా మేం చూసుకుంటాం మేడం, మీరు దిగగానే డ్రైవర్ నంబర్ వాట్సాప్‌లో పెడతాం" అన్నాడు.

దిగాం. ఒక్క ఫోన్‌లో కూడా సిగ్నల్ లేదు. ఆఫ్ చేసి ఆన్ చేశాం, సిమ్ తీసి మళ్ళీ పెట్టాం, ఏం లాభం లేదు. విషయం ఏంటంటే బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో అస్సలు పనిచెయ్యవు, కాల్ లేదు, మెసేజ్ లేదు, నెట్ లేదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. వైఫై పెట్టుకుందామంటే దానికీ ఓటీపీ కావాలి, ఓటీపీ ఎక్కడినుంచి వస్తుంది? బయట బోర్డులు పట్టుకున్న డ్రైవర్లు బోలెడుమంది ఉన్నారు, మా పేరుతో మాత్రం ఎవరూ లేరు. మావయ్యగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, ఆ చలిలో సూట్‌కేసు మీద కూర్చుండిపోయారు. "ఒక్క కాల్ చేసుకుంటాం" అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడుక్కున్నా. ఒకావిడైతే నన్ను చూసి హ్యాండ్‌బ్యాగ్ ఇటు భుజం మీంచి అటు భుజానికి మార్చుకుంది. ఇన్నేళ్ళు స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నన్ను దొంగని చూసినట్టు చూసింది, ఆ చూపు ఇంకా మనసులోంచి పోవట్లేదు.

చివరికి వేరే టూరిస్టుల కోసం వచ్చిన ఒక కశ్మీరీ డ్రైవర్ తనే దగ్గరికొచ్చి "బాత్ కర్ లో బెహెన్‌జీ" అని ఫోన్ చేతిలో పెట్టాడు. మా ఏజెంట్ ఏమన్నాడో తెలుసా? "అయ్యో, మీవి ప్రీపెయిడా మేడం? అక్కడ పనిచెయ్యవు కదా." అంత తేలిగ్గా! అంత తెలిసినవాడివి డబ్బులు కట్టించుకునేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఏమైంది? ముసలివాళ్ళని రోడ్డు మీద నిలబెట్టి తర్వాత సారీ అంటే సరిపోతుందా? ఆ డ్రైవర్ టీకి కూడా డబ్బులు తీసుకోలేదు, మనిషంటే ఆయన.

అందుకే చెప్తున్నా, ఇంట్లో ఒక్కరి సిమ్ అయినా వెళ్ళేముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. డ్రైవర్ నంబర్ బయల్దేరకముందే అడిగి కాగితం మీద రాసుకోండి. క్యాష్ దండిగా పెట్టుకోండి, నెట్ లేకపోతే క్యూఆర్ కోడ్ ముందు నిలబడి చేసేదేం లేదు, కార్డుతో ఆన్‌లైన్‌లో కడదామన్నా ఓటీపీ రాదు.

ఇక గార్డెన్. టికెట్ క్యూ తొందరగానే కదిలింది. జబర్వాన్ కొండ కింద మెట్లు మెట్లుగా సుమారు 30 హెక్టార్లు, కింద దాల్ సరస్సు. ఒకప్పుడు దీన్ని సిరాజ్ బాగ్ అనేవాళ్ళట, తర్వాత ట్యూలిప్ గార్డెన్‌గా మార్చారు. గేటు తెరిచే టైమ్‌కే వెళ్ళండి, ఆదివారం మాత్రం వద్దు. పొద్దున్నే పూలన్నీ ముడుచుకుని ఉంటాయి, ఎండ తగిలేకొద్దీ విచ్చుకుంటాయి. ఒక ఎర్ర పువ్వులోకి వంగి చూశా, అడుగున నల్లటి మచ్చ, దాని చుట్టూ సన్నగా పసుపు అంచు, రేకు మీద మంచు బొట్టు ఇంకా జారలేదు. వాసన వచ్చేది ట్యూలిప్స్ నుంచి కాదు, పక్క మళ్ళల్లో ఉన్న హయసింత్ పూల నుంచి, అత్తయ్య అక్కణ్ణుంచి కదల్లేదు. స్టాళ్ళలో కహ్వా అనే కశ్మీరీ టీ తాగాం, బాదం పలుకులు, కుంకుమపువ్వు వేసి ఇచ్చారు, మావయ్యగారు రెండోది అడిగి మరీ తాగారు.

ఎవరైనా "ఈ దుంపలు తీసుకెళ్ళండి, మీ ఊళ్ళో కూడా ఏటా పూస్తాయి" అంటే నమ్మకండి. కడియం నర్సరీల పక్కన పెరిగినదాన్ని, మొక్కల విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేరు. ట్యూలిప్ దుంపకి సుమారు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉండేంత చలి పడితేగానీ సరిగ్గా పువ్వు రాదు, మన గోదావరి ఎండలకి ఆ చలి ఎక్కడిది? అక్కడ కూడా శరదృతువులో నాటి శీతాకాలమంతా మట్టిలో ఉంచుతారు, అంత చాకిరీకి పూలు ఉండేది మూడు నాలుగు వారాలే, ఎండలు ముదిరితే ఇంకా ముందే రాలిపోతాయి. అందుకే డేట్లు ఏజెంట్‌ని కాదు, అక్కడి హోటల్ వాళ్ళని అడిగి బుక్ చేసుకోండి.

తిరుగు ప్రయాణంలో టెర్మినల్‌కి చాలా ముందే గేటు దగ్గర దింపి సామాన్లన్నీ స్కాన్ చేస్తారు, లోపల మళ్ళీ చెకింగ్, మూడు గంటల ముందు వెళ్ళినా తొందరేం కాదు.

ఇవాళ పొద్దున ఏజెంట్ ఫోన్ చేసి మంచి రివ్యూ పెట్టమన్నాడు. ముందు మావయ్యగారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పు, తర్వాత చూద్దాం అన్నా. ఇప్పటిదాకా చెయ్యలేదు.