ఫౌండేషనా, హయ్యరా: జీసీఎస్‌ఈ సైన్సులో టైర్ ఎంపిక

ఇంగ్లండులో పదహారేళ్లకు జీసీఎస్‌ఈ పరీక్షలు రాసే ఇయర్ 11 పిల్లలున్న తెలుగు ఇళ్లలో, మాక్ (నమూనా) పరీక్షల మార్కులు చేతికొచ్చాక తప్పనిసరిగా తలెత్తే ప్రశ్న సైన్సు ఏ టైర్‌లో, అంటే ఏ స్థాయి పేపరుతో, రాయించాలన్నదే. ఉగాది సభలో భోజనాల వరుసలో నిలబడినప్పుడు కూడా "అక్కా, మీ వాణ్ణి హయ్యర్‌లోనే వేశారా?" అన్న పలకరింపు వినబడుతుంది. ఆ "లోనే" అన్నది ఊరికే రాలేదు. ఊరంతా ఒకే ప్రశ్నపత్రంతో పదో తరగతి రాసి వచ్చిన మనకు, రెండు స్థాయిల పేపర్లంటే మంచి పిల్లల పేపరు, మిగతావాళ్ల పేపరు అన్నట్టే వినిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ నిర్ణయానికి పరువుతో సంబంధం లేదు. పిల్లవాడికి మార్కులు పేపరులో ఏ భాగం నుంచి వస్తున్నాయన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

ముందుగా నియమాలు చూద్దాం. ఫౌండేషన్ టైర్‌లో 1 నుంచి 5 వరకు, హయ్యర్‌లో 4 నుంచి 9 వరకు గ్రేడులుంటాయి. ఫౌండేషన్‌లో ఎంత బాగా రాసినా 5 దాటదు. హయ్యర్‌లో 4 కొద్దిలో తప్పిపోయినవారికి 3 ఇస్తారు గానీ, ఆ మెట్టు చాలా ఇరుకైనది. దాని కిందకు జారితే గ్రేడే ఉండదు, యూ వస్తుంది. ఎక్కువమంది పిల్లలు చదివే కంబైన్డ్ సైన్సు (మూడు శాస్త్రాలూ కలిపిన కోర్సు) రెండు జీసీఎస్‌ఈలతో సమానం కాబట్టి గ్రేడు 5-5, 5-4 అంటూ జంటగా వస్తుంది, హయ్యర్‌లో అట్టడుగు గ్రేడు 4-3. ఈ గ్రేడులతో సైన్సు పరీక్షలు మొదటిసారి జరిగిన 2018 వేసవిలో, హయ్యర్ రాసి ఆ 4-3 కూడా అందుకోలేని పిల్లలు ఎక్కువగా తేలడంతో, పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఆ ఏటికి మాత్రం 3-3 ఇవ్వడానికి బోర్డులను అనుమతించింది. ప్రతి ఏడూ అలాంటి వెసులుబాటు దొరుకుతుందని ఆశించడం తెలివైన పని కాదు. (ఇదంతా ఇంగ్లండు సంగతి; వేల్స్, ఉత్తర ఐర్లండ్, స్కాట్లండ్ పద్ధతులు వేరు.)

హయ్యర్ కంబైన్డ్‌లో 4-4కు మొత్తం మార్కుల్లో పావువంతు కన్నా కాస్త ఎక్కువ వస్తే చాలుననీ, అదే గ్రేడుకు ఫౌండేషన్‌లో దాదాపు సగం మార్కులు కావాలనీ లెక్క చూపి, హయ్యరే సులువని వాదించేవారున్నారు. లెక్క దాదాపు సరైనదే, వాదనే తప్పు. పేపరు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ఫౌండేషన్ పేపరు చివరి పేజీల్లో ఉన్న ప్రశ్నలే హయ్యర్ పేపరు మొదటి పేజీల్లో కనిపిస్తాయి. రెండు టైర్ల గ్రేడులను సరిపోల్చడానికి ఉమ్మడిగా ఇచ్చేవి అవి. అంటే ఫౌండేషన్ రాసేవాడు చివరికి చేరుకునే చోటునుంచే హయ్యర్ రాసేవాడి పరీక్ష మొదలవుతుంది. ఏక్యూఏ అనే పరీక్షా బోర్డు వారి కంబైన్డ్ సైన్సు కోర్సు ట్రిలజీలో ఒక్కొక్కటి గంటంబావు, 70 మార్కుల చొప్పున ఆరు పేపర్లుంటాయి. మొదటి నాలుగైదు పేజీలు నింపి, మిగిలినవి ఖాళీగా వదిలేసి, గడియారం చూస్తూ కూర్చోవడం ఆరుసార్లు చేయవలసి వస్తే పదహారేళ్ల పిల్లకు సైన్సు మీద ఏ అభిప్రాయం మిగులుతుందో ఆలోచించండి.

అలాగని ఫౌండేషన్‌ను తేలిక అనుకోకూడదు. అక్కడ 5-5 రావాలంటే మొదటి పేజీల్లోని టిక్కు పెట్టే ప్రశ్నలు, పెట్టెలోని మాటలతో ఖాళీలు పూరించేవి, గ్రాఫు మీద బిందువులు గుర్తించేవి దాదాపు ఏవీ పోగొట్టుకోకూడదు. తెలివి ఉండి నిలకడ లేని పిల్లలు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు: రెండు గడుల్లో టిక్కు పెట్టమంటే ఒక్కదానిలో పెడతారు, ప్రమాణం రాయరు, "ఎందుకు" అని అడిగితే "ఏమిటి" అన్నది రాస్తారు. అలాంటి పిల్లకు టైర్ మార్చినంత మాత్రాన మార్కులు పెరగవు.

పాఠ్యాంశాల తేడా కూడా చిన్నదేమీ కాదు. మోల్ లెక్కలు, ద్రవ్యవేగం, ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం వంటివి ట్రిలజీలో హయ్యర్‌వాళ్లకే. మనం వాటిని హైస్కూల్లోనే చదివేశాం కనుక "ఆ మాత్రం మా వాడికి రాదా" అనిపించడం సహజం. అయితే గణితం ఫౌండేషన్ టైర్‌లో రాయబోతున్న పిల్లకు భౌతికశాస్త్రం హయ్యర్ పేపరు బరువవుతుంది. భౌతికశాస్త్రం మార్కుల్లో కనీసం 30 శాతం, రసాయనశాస్త్రంలో 20 శాతం, జీవశాస్త్రంలో 10 శాతం గణిత నైపుణ్యాలకే కేటాయించారు.

జీసీఎస్‌ఈ తర్వాత రెండేళ్ల 'ఏ-లెవెల్' చదువులో సైన్సు తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారి సంగతి వేరు. ఆ చదువు చెప్పే సిక్స్త్ ఫామ్‌లు మామూలుగా 6 గానీ 7 గానీ అడుగుతాయి కాబట్టి, ఫౌండేషన్‌కు ఒప్పుకుంటే ఆ దారి అప్పుడే మూసుకుపోయినట్టు. మెడిసిన్ అంటూ కలలు కనే ఇంట్లో ఈ మాట ఇయర్ 11 నవంబరులో కాదు, ఇయర్ 10 మొదట్లోనే మాట్లాడుకోవాలి. కామర్సు, చరిత్ర, డిజైన్ వైపు వెళ్లే పిల్లకు మాత్రం ఫౌండేషన్‌లో తెచ్చుకున్న 5-5, హయ్యర్‌లో తెచ్చుకున్న 5-5 విలువలో ఒకటే.

ట్రిపుల్ సైన్సు (మూడు శాస్త్రాలూ విడివిడి సబ్జెక్టులుగా) చదివేవారికి ఒక సౌలభ్యం ఉంది: జీవశాస్త్రం హయ్యర్‌లో, భౌతికశాస్త్రం ఫౌండేషన్‌లో రాయవచ్చు, ఒక్కో సబ్జెక్టులోని రెండు పేపర్లూ ఒకే టైర్‌లో ఉంటే చాలు. కంబైన్డ్‌లో ఆరు పేపర్లూ ఒకే టైర్‌లో రాయాల్సిందే. ట్రిపుల్ అంటే హయ్యర్ అనీ, కంబైన్డ్ అంటే ఫౌండేషన్ అనీ మనవాళ్లలో ఉన్న నమ్మకానికి ఆధారం లేదు. కంబైన్డ్ హయ్యర్‌లో 9-9 తెచ్చుకుని ఏ-లెవెల్ సైన్సులు తీసుకునే పిల్లలు ఎందరో ఉన్నారు.

వేసవి పరీక్షలకు పేర్లు పంపే గడువు మామూలుగా ఫిబ్రవరి 21. ఆ తర్వాత కూడా టైర్ మార్చుకోవచ్చు గానీ, ఆలస్యమయ్యేకొద్దీ రుసుము కట్టవలసి వస్తుంది. చివరి నిర్ణయం బడిదే. అయినా పేరెంట్స్ ఈవెనింగ్‌లో దొరికే ఆ కొద్ది నిమిషాల్లో "మా వాడు హయ్యర్‌కు తగడా?" అని అడిగి ప్రయోజనం లేదు, టీచరు మర్యాదగా ఏదో ఒకటి చెప్పి పంపుతారు. దానికి బదులు మాక్ పేపరులో ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చాయో చూపించమని అడగాలి. ఉమ్మడి ప్రశ్నల్లోనే సగం పోయాయా, లేక అవి బాగా రాసి ఆ తర్వాతి ప్రశ్నల్లోనూ అక్కడక్కడా మార్కులు ఏరుకున్నాడా అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. మొదటిదైతే ఫౌండేషన్, రెండోదైతే హయ్యర్.