డికాషన్ రంగు

మా నాన్న, ఆయన పోయిన నాలుగేళ్లకు మా అన్నయ్య, ఇద్దరూ కిడ్నీలు పాడయ్యే పోయారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలంలో కొబ్బరితోటల మధ్య ఒక ఊరు. అక్కడ ఊరూరా ఎందరినో పట్టిన ఆ కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా ఎవరూ తేల్చి చెప్పలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యేనాటికి మా ఇంట్లో దాని అవసరం ఉన్నవారెవరూ మిగలలేదు. డయాలసిస్‌కు పోయిరావడానికయ్యే ఖర్చే ఇంటిని ఎలా తినేస్తుందో చూసినవాణ్ణి గనుక, ఊళ్లోని రోగుల ఆటో ఖర్చుల కోసం, వాళ్లిద్దరి పేరు మీద నిరుడు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తుతానని తెలిసినవాళ్లందరినీ చందాలు అడిగాను. 1,40,000 రూపాయలు వచ్చాయి.

పరుగు గురించి చెప్పవలసింది తక్కువ. పీపుల్స్ ప్లాజా దగ్గర బయలుదేరి, ఆ ఉక్కలో ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ 42.195 కిలోమీటర్లు పూర్తిచేసి గచ్చిబౌలి స్టేడియం చేరాను. అయితే మోకాలి నొప్పికి భయపడి బయలుదేరేముందు ఒక డైక్లోఫెనాక్ మాత్ర, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక మరొకటి మింగాను. నొప్పిమాత్రలు ముట్టుకోవద్దని అన్నయ్యను పదేపదే హెచ్చరించినవాణ్ణి నేనే.

ఆ సాయంత్రం మూత్రం పాలు పోయని టీ డికాషన్ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడిందని, ఒంట్లో నీరు తగ్గి ఉన్న సమయంలో ఆ మాత్రలు కిడ్నీలకు రక్తం అందకుండా చేసి ఉంటాయని తర్వాత తెలిసింది. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం క్రియాటినిన్ మొదటి రోజు 3.1, మర్నాటికి 5.8. మెడ దగ్గర గొట్టం పెట్టారు. మూడుసార్లు డయాలసిస్ చేశారు.

రెండో రాత్రి డ్యూటీ డాక్టరు కేసు కాగితం చూస్తూ, "ఉద్దానమా? అయితే ఎప్పటికైనా వచ్చేదే కదండీ" అని, తలైనా ఎత్తకుండా పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయాడు. ఆయనకు నా కొడుకు వయసు కూడా ఉండదేమో, అయినా ఆ మాటను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగునే చూస్తూ ఉండిపోయాను. సాయంత్రం నుంచి అందులో 60 మిల్లీలీటర్ల గీత దాటలేదు. చివరి నెలల్లో అన్నయ్య ఒక పాత సీసా మీద బాల్‌పెన్నుతో గీతలు గీసుకొని ఇలాగే కొలుచుకొనేవాడు. వదినకు కనబడకుండా దాన్ని బియ్యం డబ్బా వెనక దాచేవాడు. రెండు గంటలప్పుడు వచ్చిన సిస్టరు మెలికపడిన గొట్టాన్ని సరిచేసి, "చూస్తూ కూర్చుంటే రాదన్నా, పడుకోండి" అంటూ దుప్పటి అంచు లాగి బ్యాగు కనబడకుండా కప్పింది. తెల్లవారాక పెద్ద డాక్టరు గారు కుర్చీ లాక్కొని కూర్చొని, ఇది మీ ఊరి జబ్బు కాదని, కొత్తగా తగిలిన దెబ్బ గనుక మానే అవకాశం ఎక్కువని ఓపికగా వివరించారు. చూడవచ్చిన మా పెద్దమామయ్య మాత్రం, "పోయినవాళ్ల కోసం పరుగెత్తితే వాళ్ల దగ్గరికే చేరతావురా" అన్నాడు. ఆయన తెచ్చిన బత్తాయిలను కూడా తినబుద్ధి కాలేదు.

ఆరో రోజు బ్యాగు నిండింది. మూడు నెలలకు క్రియాటినిన్ 1.1కి దిగింది. అమ్మ మొక్కుకున్నందుకు అరసవల్లి వెళ్లి సూర్యనారాయణస్వామిని దర్శించుకొన్నాం. మందులు చేసిన మేలే అనుకొనే నేను కూడా అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. పరుగెత్తేవాళ్లకు నా మనవి ఒక్కటే: నొప్పిమాత్ర వేసుకొని పరుగుకు దిగకండి, మూత్రం రంగు మారితే తెల్లవారేదాకా ఆగకండి.

చందా డబ్బు పదకొండు ఇళ్లకు పంచాం. జాబితా రాసింది వదినే. చివరి సంతకం అయ్యాక పెన్ను మూత పెడుతూ, "ఈసారి నడిచి అడుగు బాబూ, ఇస్తారు" అంది.